డోలీలో మా వంతు

రెండేళ్ల కిందట, తొలకరి పడిన వారంలో, రాత్రి పదకొండు దాటాక మా ఊరి నుంచి ఫోను వచ్చింది. మేనత్తను పాము కరిచిందన్నారు. వరసలు కలిపి చూస్తే ఆమె మా ఊళ్లో సగం మందికి మేనత్తే.

ఆ ఊరి నుంచి ఉద్యోగాలకు కిందికి దిగినవాళ్లం నలుగురం. ముగ్గురం పంతుళ్లం, ఒకరు రైల్వేలో. పిల్లల చదువుల కోసం ఆమదాలవలసలో అద్దె ఇళ్లలో ఉంటున్నాం. మా ఊరు సీతంపేట కొండల్లో ఉంది. రెండు బస్సులు మారి, ఆపైన కాలినడకన ఎక్కాలి. ఆ రాత్రి మాకు తోచింది చేశాం. 108కి ఫోను చేసి రోడ్డు దగ్గరికి రమ్మన్నాం. తెలిసిన నర్సమ్మను నిద్రలేపి, ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో అడిగి ఊరికి చెప్పాం. నలుగురం కలిపి ఆరు వేలు ఫోనులోనే పంపాం. తర్వాత పడుకున్నాం.

ఊళ్లో వాళ్లు పడుకోలేదు. దుప్పటిని కర్రకు కట్టి, అత్తను అందులో పడుకోబెట్టి, వానలో రెండున్నర గంటలు మోసి రోడ్డుకు చేర్చారు. దారిలో తగిలిన మొదటి ఆసుపత్రిలో ఆ రాత్రి డాక్టరు లేరు. ఉన్న నర్సమ్మే డాక్టరుతో ఫోనులో మాట్లాడి, పాము కాటు మందు ఎక్కించి, పెద్దాసుపత్రికి పంపింది. ఆరు రోజులకు అత్త లేచి కూర్చుంది.

ఆదివారం పళ్లు పట్టుకుని ఊరికి వెళ్లాం. అందరూ బాగానే మాట్లాడారు. వచ్చేసేటప్పుడు అరుగు మీదున్న పెద్ద తాత మాత్రం ఒక మాట అన్నాడు. "డబ్బులు పంపినారు, బాగుంది. తిండికీ చార్జీలకీ పనికొచ్చినాయి. గానీ ఆ రేతిరి మీ నాలుగిళ్ల వంతూ ఇంకోలు మోసినారు. డబ్బులకి భుజాలుంటాయేటిరా?"

తిరిగి వచ్చే బస్సులో నలుగురం ఏమీ మాట్లాడుకోలేదు. తాత కోపంతో అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు. ఆ లెక్క మాకు ఇప్పటికీ తెగలేదు. మోయాల్సిన వాడు మోయకుండా డబ్బు ఇస్తే అతని వంతు తీరినట్టేనా? చూడటానికి ఇది ఒక ఊరి సంగతి. కానీ దేశం తన రోగులను ఎలా చూసుకోవాలి అనే ప్రశ్న కూడా చివరకు ఇక్కడికే వస్తుందని మాకు అనిపిస్తోంది.

డోలీ అనగానే పత్రికల్లో ఫోటో గుర్తొస్తుంది. గర్భిణిని మోసుకొస్తున్న ఇద్దరు మగవాళ్లు, వెనక బురద దారి, కింద 'ఇంకెన్నాళ్లు' అనే శీర్షిక. ఆ ఫోటో అబద్ధం కాదు. రోడ్డు లేకపోవడం సిగ్గుపడాల్సిన విషయమే. డోలీలోనే ప్రసవమైన తల్లులు, డోలీలోనే ఊపిరి వదిలిన వాళ్లు మా కొండల్లో ఉన్నారు. కాబట్టి డోలీని పొగడటానికి మేం ఇది రాయడం లేదు. అది పోవాలి.

కానీ ఆ ఫోటోలో కనబడనిది ఒకటుంది. డోలీకి ఒక కట్టుబాటు ఉంది. రోగం వచ్చింది ఎవరికి అని అడగరు. పిలుపు వస్తే ఇంటికొకరు లేవాలి. ఇద్దరు మోస్తుంటే నలుగురు పక్కన నడుస్తారు, భుజం నొప్పెడితే మారతారు. ఒకరు దీపం పట్టుకుంటారు. ఆడవాళ్లు గిన్నె, బియ్యం, రోగి బట్టలు మూటగట్టుకుని వెనక వస్తారు. దారి ఖర్చుకు ఇంటింటా ఎంతోకొంత పోగుచేస్తారు. లేనివాళ్లు ఇవ్వరు, ఇవ్వలేదని ఎవరూ అనరు. మోసినందుకు కూలి లేదు. మోయించుకున్నందుకు దణ్ణం పెట్టక్కర్లేదు. రేపు అదే కర్ర మోసినవాడి కోసం కూడా లేస్తుంది.

పెద్ద పుస్తకాల్లో ఆరోగ్య వ్యవస్థ అంటే చట్టం, నిర్వహణ, నిధులు అని మూడు భాగాలు చేసి చెబుతారు. మా డోలీలో ఆ మూడూ ఉన్నాయి. కట్టుబాటే చట్టం, భుజాలు మారడమే నిర్వహణ, ఇంటింటా పోగుచేసిందే నిధి. మూడింటినీ మా వాళ్లు ఒక్క మాటతో చెబుతారు: వంతు. పంచుకుంటే మన భాగానికి వచ్చేదీ వంతే, వరసలో మన మీదికి వచ్చే బాధ్యతా వంతే. తాత ఆ రాత్రి అడిగింది ఈ రెండో దాని గురించి.

ముందు మా తరఫు వాదన చెప్పుకోవాలి. డబ్బు భుజానికి బదులు కాగలదు, కావాలి కూడా. ఎన్ని భుజాలు కలిసినా గుండెకు ఆపరేషన్ చేయలేవు. పాము విషానికి మందు ఊళ్లో తయారవదు. ఊరి కట్టుబాటు ఊరి పొలిమేర దాకానే నడుస్తుంది. అది దేశమంతా నడవాలంటే డబ్బు రూపంలోకి మారక తప్పదు.

అలా మారిన చోటు ఒకటుంది. బ్రిటన్‌లో వేల్స్ ప్రాంతంలో ట్రెడెగర్ అనే గనుల ఊరు. అక్కడి కార్మికులు తమ కూలిలోంచి కొంచెం కొంచెం తీసి ఒక వైద్య సహాయ సంఘం నడుపుకున్నారు. సంఘమే డాక్టర్లను పెట్టుకుంది. రోగం వస్తే మళ్లీ డబ్బు అడిగేవారు కాదు. పదమూడేళ్లకే గనిలోకి దిగిన అనైరిన్ బెవాన్ ఆ ఊరివాడే. తర్వాత ఆయన ఆరోగ్య మంత్రి అయ్యాడు. 1948 జూలై 5న బ్రిటన్‌లో అందరికీ వైద్యం ప్రభుత్వమే చూసే జాతీయ ఆరోగ్య సేవ ఆయన చేతుల మీదే మొదలైంది. ఒక ఊరి వంతుల పద్ధతి ఒక దేశపు పద్ధతి అయింది.

మన దేశంలోనూ ఆ ఆలోచన పాతదే. స్వాతంత్ర్యానికి ముందే, 1946లో, జోసెఫ్ భోర్ కమిటీ తన నివేదికలో డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని రాసింది. రాజ్యాంగం 47వ అధికరణం ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం ప్రభుత్వపు ముఖ్య విధుల్లో ఒకటి అంది. అయితే అది ఆదేశిక సూత్రం. దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్లలేం.

ఆ దారి వేరేగా తెరుచుకుంది. 1992లో పశ్చిమ బెంగాల్‌లో ఒక వ్యవసాయ కూలీ రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలింది. ఒక ప్రభుత్వాసుపత్రి నుంచి మరోదానికి తిప్పారు. ఒకచోట సౌకర్యం లేదన్నారు, ఒకచోట మంచం లేదన్నారు. చివరకు ప్రైవేటు ఆసుపత్రిలో సొంత డబ్బుతో బతికాడు. వ్యవసాయ కూలీల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 మేలో కోర్టు తీర్పు చెప్పింది. అత్యవసర వైద్యం అందించకపోవడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాదనడమేననీ, డబ్బు లేదని ప్రభుత్వం తప్పించుకోలేదనీ అంది. ఆ కూలీకి 25 వేల రూపాయల పరిహారం ఇమ్మంది. రైల్వే స్టేషను పక్కన కాపురం ఉంటున్న మాకు ఈ తీర్పు పాఠంలా కాదు, పక్కింటి సంగతిలా అనిపిస్తుంది.

ఆమదాలవలస స్టేషను బోర్డు మీద 'శ్రీకాకుళం రోడ్డు' అని ఉంటుంది. తెల్లవారుజామున ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఎవరు ఎందుకు వెళ్తున్నారో చేతుల్లోని సంచులే చెబుతాయి. ఎక్స్‌రే కవర్లు, స్కానింగు ఫైళ్లు పట్టుకుని, పక్కన ఒక ముసలి తల్లినో చంటిబిడ్డనో కూర్చోబెట్టుకుని, విశాఖ బండి కోసం చూసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కేజీహెచ్‌కో, మరో పెద్దాసుపత్రికో. వాళ్లలో మా కొండవాళ్లను మేం నడక చూసి గుర్తుపడతాం.

ఒకప్పుడు ఆ ప్రయాణం పొలం తాకట్టుతో మొదలయ్యేది. పెద్ద ఆపరేషన్ కావాలంటే ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకోవాలి. అర్జీ రాయడానికి ఒకరు, దాన్ని పైకి పంపడానికి ఒక నాయకుడు కావాలి. తెలిసిన మనిషి ఉన్నవాడికే దారి దొరికేది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు మొదట తీసుకున్న మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్, అనంతపురంతో పాటు మన శ్రీకాకుళం ఒకటి. సీతంపేట కొండలు అప్పుడు ఈ జిల్లాలోవే. తెల్ల కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి రెండు లక్షల దాకా పెద్ద జబ్బుల వైద్యం. అర్జీ పోయి కార్డు వచ్చింది. దయ అడగాల్సిన చోట అర్హత చూపిస్తే సరిపోయింది. ఇది చిన్న మార్పు కాదు. మా బడిలో పరుగెత్తలేక ఆయాసపడే పిల్ల ఒకతి గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చి, మరుసటి ఏడాది కబడ్డీ ఆడటం మేం చూశాం.

ఆ పిల్ల తండ్రి ఆసుపత్రిలో కనిపించిన ప్రతి ఒక్కరికీ దణ్ణం పెట్టాడట. డాక్టరుకూ, నర్సుకూ పెట్టడం మంచిదే. మనిషి మనిషికి చెప్పే కృతజ్ఞత అది. కానీ కార్డు మీది బొమ్మకు కూడా పెట్టాడు. ఈ పథకానికి పేర్లు మారుతూ వచ్చాయి. రాజీవ్ పేరు, ఎన్టీఆర్ పేరు, వైఎస్సార్ పేరు, మళ్లీ ఎన్టీఆర్ పేరు. పేరు ఎవరిదైనా మోసేది ప్రజల పన్నే. కొండ మీద అవ్వ కొన్న సబ్బులో పన్ను ఉంది. మనవడు చేయించిన ఫోను రీచార్జిలో పన్ను ఉంది. 'ఉచిత వైద్యం' అనే మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. డోలీని ఎవరూ ఉచితం అనరు. అందరూ మోశారు అంటారు. ఆరోగ్యశ్రీని మేం ఒక పెద్ద డోలీగానే చూస్తాం. దాన్ని మోసేవాళ్లలో ఆ పిల్ల తండ్రి కూడా ఉన్నాడు. ఆయన తలెత్తుకునే లోపలికి వెళ్లవచ్చు.

ఇంతవరకు డబ్బు గెలిచింది. ఇక తాత మాటలో ఉన్న నిజం చూద్దాం.

మొదటిది, డబ్బు ఆసుపత్రి గుమ్మం దగ్గర మొదలవుతుంది. మా మనిషి జబ్బు ఇంటి గుమ్మం దగ్గర మొదలవుతుంది. ఈ రెండు గుమ్మాల మధ్య ఉన్న దూరం ఎవరి వంతు? ప్రభుత్వ లెక్క ప్రకారం మైదానంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, కొండ ప్రాంతాల్లో 3,000 మందికి ఒకటి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అక్కడ 30,000 మందికి, ఇక్కడ 20,000 మందికి. కొండవాళ్ల కష్టాన్ని గుర్తించి పెట్టిన తేడా ఇది, కాదనం. కానీ అది తలలు లెక్కపెడుతుంది, అడుగులు లెక్కపెట్టదు. మైదానంలో ఒక్క పెద్ద గ్రామంలో ఉండే జనం మా దగ్గర ముప్పై గూడేల్లో, నాలుగు కొండల మీద ఉంటారు. అందరికీ ఒకే కొలత పెట్టడం సమానత్వంలా కనిపిస్తుంది. దూరంగా ఉన్నవాడికి అది సమానంగా చేరదు.

అత్త ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంటే తోడుగా ముగ్గురు ఉన్నారు. ముగ్గురికీ విత్తనం పనులు పోయాయి. మందులకు రూపాయి కాలేదు. మనుషులకు అయింది. ఈ సంగతి ప్రభుత్వాలకు అర్థం కానిది కాదు. ఆపరేషన్ తర్వాత కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 దాకా ఇచ్చే ఆరోగ్య ఆసరా 2019 డిసెంబరులో మొదలైంది. రోగి కూలి కూడా వైద్యం ఖర్చులో భాగమేనని ఒప్పుకున్న ఆలోచన అది. సాలూరు, గుమ్మలక్ష్మీపురంలో గర్భిణుల వసతి గృహాలు పెట్టారు. నెలలు నిండకముందే కొండ దిగి వచ్చి అక్కడ ఉండవచ్చు. డోలీ అవసరం రాకముందే దూరాన్ని తగ్గించిన పద్ధతి ఇది. ఎవరో కొండ ఎక్కి, ఆ దారి నడిచి చూశాకే ఇలాంటి ఆలోచన పుడుతుంది.

రెండోది, డబ్బుతో నడిచే డోలీని మోసేవాడు మధ్యలో దింపవచ్చు. ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని, సేవలు ఆపేస్తామని ప్రైవేటు ఆసుపత్రుల సంఘం ప్రకటించడం ఈ మధ్య ఏళ్లలో పలుసార్లు చదివాం. వాళ్లకూ జీతాలు, మందుల బిల్లులు ఉంటాయి. వాళ్లను ఒక్కళ్లనే తప్పుపట్టలేం. కానీ ఆ ప్రకటన వచ్చిన రోజు స్టేషనులో ఫైలు పట్టుకుని కూర్చున్న మనిషి సంగతేమిటి? 2023 డిసెంబరులో పథకం పరిమితిని 25 లక్షల రూపాయల దాకా పెంచారు. పరిమితి కాగితం మీద పెరిగినంత సులువుగా చెల్లింపు జరగదు. ఊళ్లో ఎవరైనా సగం దారిలో డోలీ దింపితే వాడి పేరు తరాలు గుర్తుంటుంది. ఇక్కడ ఎవరు దింపారో కూడా తెలియదు.

మూడోది మా గురించి. చెప్పడానికి ఇదే కష్టం.

మాకు ఉద్యోగుల ఆరోగ్య కార్డులు ఉన్నాయి. నెల నెలా జీతంలో కోత పడుతుంది. ఉద్యోగం వచ్చాక మేం నలుగురం ప్రభుత్వాసుపత్రి మెట్లు ఎక్కడం దాదాపు మానేశాం. పిల్లలకు జ్వరమొస్తే ప్రైవేటు, బీపీ చూపించుకోవడానికి ప్రైవేటు. పన్ను కడుతున్నాం, కోత కడుతున్నాం, ఊరికి డబ్బు పంపుతున్నాం. వంతు తీరిందనుకున్నాం. కానీ మేం వదిలి వచ్చిన వరసలో ఎవరు మిగిలారు? చదువురానివాళ్లు, అర్జీ రాయలేనివాళ్లు, రాత్రి డాక్టరు ఎందుకు లేరని అడిగితే కసురుతారేమోనని భయపడేవాళ్లు. అడగగలిగినవాళ్లం అందరం బయటికి వచ్చేశాం. అడిగేవాడు లేని ఆసుపత్రికి ఎంత డబ్బు పోసినా అది మెల్లగా కుంగుతుంది. మాలో ముగ్గురం ప్రభుత్వ బడుల్లో పాఠాలు చెబుతాం. బడి విషయంలో ఈ నిజం మాకు బాగా తెలుసు. మా సొంత పిల్లలు ఏ బడికి వెళ్తున్నారో ఇక్కడ రాయలేకపోవడమే దానికి సాక్ష్యం.

మాలో ఒకరు అడ్డం చెప్పారు. "రేపు నా బిడ్డకి ఫిట్స్ వస్తే, న్యాయం కోసం డాక్టరు లేని చోటికి తీసుకెళ్లమంటారా?" అన్నారు. అనలేం. బిడ్డ ప్రాణంతో ఎవరూ సిద్ధాంతం నిరూపించకూడదు. కానీ భుజం పెట్టడమంటే మన ప్రాణాన్ని పణంగా పెట్టడమే అనుకోనక్కర్లేదు. డోలీలోనూ అందరూ కర్ర మోయరు. ముసలివాళ్లు దీపం పడతారు. చదువుకున్నవాళ్లు పట్టాల్సిన దీపం వేరే ఉంది.

1996లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన ఏడాదే, డిసెంబరులో, పీసా చట్టం వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో సామాజిక రంగాల సంస్థల మీద, వాటి ఉద్యోగుల మీద అదుపు ఉండే అధికారాన్ని గ్రామసభకూ తగిన స్థాయి పంచాయతీకీ ఇవ్వాలని ఆ చట్టం చెబుతుంది. ఆసుపత్రి కూడా సామాజిక రంగమే. అంటే రాత్రి డాక్టరు ఎందుకు లేరని అడగడం తగాదా కాదు, చట్టం మనకు ఒప్పగించిన పని. మా ఉత్తరాంధ్రలో షెడ్యూలులో చేరకుండా మిగిలిపోయిన గిరిజన గ్రామాలు ఎన్నో ఉన్నాయి. వాళ్లకు ఈ మాత్రం పట్టు కూడా లేదు. 2023లో రాజస్థాన్ ఆరోగ్య హక్కు చట్టం చేసుకుంది. అలాంటిది మన రాష్ట్రానికీ కావాలని మేం కోరుకుంటాం. కానీ ఉన్న చట్టాన్ని ఎన్ని గ్రామసభల్లో బయటికి తీశాం? మేం నలుగురం ఉద్యోగాల్లో చేరి ఇన్నేళ్లయినా ఒక్కసారి కూడా మా ఊరి గ్రామసభలో కూర్చోలేదు. ఆ వంతు కూడా ఇంకొకరే మోశారు.

కాబట్టి తాత ప్రశ్నకు మాకు తోచిన జవాబు ఇది. డబ్బుకు భుజాలు ఉండవు. డబ్బు భుజానికి బలం ఇస్తుంది, అంతే. పన్ను కట్టడం వంతులో సగం. ఆ పన్నుతో నడిచే చోటికి వెళ్లడం, చూడటం, అడగడం మిగతా సగం. ప్రభుత్వం డబ్బు ఇచ్చి తన వంతు తీరిందంటే మనం ఒప్పుకోం. అదే మాట మన గురించి మనం అనుకుంటే ఎలా ఒప్పుకుంటాం?

ఈ ఏడాది రెండు చిన్న పనులు మొదలుపెట్టాం. బీపీ, షుగరు పరీక్షలకు మేం ఇప్పుడు ప్రభుత్వాసుపత్రి వరసలోనే నిలబడుతున్నాం. పక్కవాళ్ల చీటీలు చదివిపెడుతున్నాం. మందు లేదంటే, లేదని కాగితం మీద రాసిమ్మని మర్యాదగా అడుగుతున్నాం. అడిగినప్పుడు ఒక్కోసారి మందు దొరుకుతోంది కూడా. రెండోది, మా ఊరి గ్రామసభకు ఒక తీర్మానం రాశాం. రాత్రి డాక్టరు, నిల్వలో పాము కాటు మందు, ఊరికి రోడ్డు అని మూడే అంశాలు. తాతకు చదివి వినిపిస్తే రోడ్డును ముందు రాయమన్నాడు. మార్చి రాశాం.

గ్రామసభ వచ్చే నెలలో ఉంది. నలుగురం సెలవు పెట్టుకున్నాం.